జెండా ఎక్కించింది ఎవరు? ‘మాస్టర్స్ ఆఫ్ ద ఎయిర్’లో ఖైదీల కథ ఎంతవరకు నిజం

రెండో ప్రపంచయుద్ధం మీద తీసిన టీవీ సీరీస్ ‘మాస్టర్స్ ఆఫ్ ద ఎయిర్’ ఆఖరి ఎపిసోడ్‌లో ఒక సీన్ చూసినవాళ్ళెవరూ అంత తేలిగ్గా మర్చిపోరు. 1945 ఏప్రిల్ 29, దక్షిణ జర్మనీలో మోస్‌బుర్గ్ అనే ఊరి పక్కన యుద్ధఖైదీల క్యాంపు, అమెరికన్ ట్యాంకులు వచ్చేశాయి, ముళ్ళకంచె లోపల బక్కచిక్కిన మనుషులు వేలమంది కేకలు పెడుతున్నారు, ఏడుస్తున్నారు, ఆ గోలలో సీరీస్ హీరోల్లో ఒకడైన అమెరికన్ పైలట్ మేజర్ జాన్ ఈగన్ పైకెక్కి నాజీ జెండా పీకేసి అమెరికా జెండా కడతాడు. ఏణ్ణర్ధం పాటు కంచె లోపల మగ్గిన మనిషి చేసే పని కాబట్టి చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ నిజంగా ఆ రోజు ఆ క్యాంపులో జెండా కర్ర ఎక్కింది ఈగన్ కాదు, మార్టిన్ అల్లేన్ అనే లెఫ్టినెంట్. రెండు దుప్పట్లని కలిపి కుట్టి మధ్యలో ఆ జెండాని దాచిపెట్టుకుని, జర్మన్లు ఎన్నిసార్లు సోదా చేసినా దొరక్కుండా కాపాడుకుంటూ వచ్చిన మనిషి అతను. జెండా ఎగిరింది నిజం, తారీఖు నిజం, చోటు నిజం, ఎక్కిన మనిషి ఒక్కడే మారిపోయాడు.

ఇలా జరగడం మనకి కొత్తేం కాదు. చాటుపద్యం ఎవరు చెప్పినా కాస్త శృంగారం కలిస్తే చాలు శ్రీనాథుడి పేరు మీదకి వెళ్ళిపోతుంది, చమత్కారం ఉన్న కథ ఏదైనా సరే తెనాలి రామకృష్ణుడు చేసిందే అయిపోతుంది, జనం నోట్లో కథ బతకాలంటే దానికి తెలిసిన పేరు ఒకటి కావాలి కాబట్టి. టీవీ సీరీస్‌కి కూడా అదే అవసరం ఉంటుంది, ఎనిమిది ఎపిసోడ్లు వెంటనడిచిన ఈగన్‌ని పక్కన నిలబెట్టి, తొమ్మిదో ఎపిసోడ్‌లో ఎవరో కొత్త లెఫ్టినెంట్ చేత జెండా ఎక్కిస్తే చూసేవాళ్ళకి అంటుకోదు. కారణం అర్థమవుతుంది. కానీ శ్రీనాథుడి విషయంలో అసలు రాసినవాళ్ళు ఎవరో తేల్చే దారి లేదు, ఇక్కడ మాత్రం ఉంది, ఇద్దరూ నిజమైన మనుషులు, ఇద్దరివీ రికార్డులున్నాయి. అసలు పేర్లు పెట్టి తీసిన డ్రామాలో ఒకళ్ళు చేసింది ఇంకొకళ్ళకి ఇచ్చేస్తే అది కథ సౌలభ్యం మాత్రమే అని ఊరుకోలేం.

యుద్ధం మీద సినిమా గానీ సీరీస్ గానీ వస్తే చాలు, బొత్తాలు తప్పు, విమానం మీద నంబరు తప్పు, ఆ మోడల్ అప్పటికి రాలేదు అని లెక్కలు తీసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ఆ పని కూడా మంచిదే. కాకపోతే ఈ సీరీస్ ఆ పరీక్షలో బాగానే పాసవుతుంది. దీన్ని నిజంగా తూకం వెయ్యాలంటే అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: ఎవరికి జరిగింది ఎవరికి జరిగినట్టు చూపించారు, ఎప్పుడు జరిగింది ఎప్పటికి జరిపారు, అసలు కెమెరా ఎవరి వైపు తిరగనే లేదు.

ముందు తెలియనివాళ్ళ కోసం కొంచెం నేపథ్యం. టామ్ హ్యాంక్స్, స్టీవెన్ స్పీల్‌బెర్గ్ వాళ్ళు నిర్మించిన ఈ తొమ్మిది ఎపిసోడ్ల సీరీస్ 2024 జనవరి 26 నుంచి మార్చి 15 దాకా ఆపిల్ టీవీలో వచ్చింది, చరిత్రకారుడు డొనాల్డ్ మిల్లర్ పుస్తకం దీనికి ఆధారం. ఇంగ్లండ్‌లో థార్ప్ ఆబట్స్ అనే పల్లెటూరి ఎయిర్‌ఫీల్డ్ నుంచి బి-17 బాంబర్లతో పట్టపగలు జర్మనీ మీదకి వెళ్ళొచ్చిన అమెరికన్ 100వ బాంబ్ గ్రూపు కథ ఇది. ఇందులో ఇద్దరు ప్రాణస్నేహితులు, మేజర్ గేల్ క్లెవెన్, మేజర్ జాన్ ఈగన్. 1943 అక్టోబర్ 8న బ్రెమెన్ మీద క్లెవెన్ విమానం కూలింది, ఆ టైంలో ఈగన్ లండన్‌లో సెలవులో ఉన్నాడు, కబురు తెలిసి పరిగెత్తుకొచ్చి 10న మ్యూన్‌స్టర్ దాడికి వెళ్ళాడు, అతని విమానమూ కూలింది. ఆ రోజు ఈ గ్రూపు నుంచి జర్మనీ లోపలికి వెళ్ళిన 13 విమానాల్లో తిరిగొచ్చింది ఒకే ఒక్కటి, రాబర్ట్ రోజెంతాల్ నడిపినది. స్నేహితులిద్దరూ రెండు రోజుల తేడాతో కూలిపోయి చివరికి ఒకే ఖైదీల క్యాంపులో కలుసుకోవడం స్క్రిప్టు రాసేవాళ్ళు కావాలని పెట్టినట్టు అనిపిస్తుంది, కానీ అది నిజంగా జరిగిందే. చరిత్రలోనే ఇంత కథ ఉన్నప్పుడు పైన అంటించాల్సిన అవసరం ఎందుకొచ్చిందా అనే ప్రశ్న ఈ సీరీస్ చూస్తున్నంతసేపూ వెంటాడుతుంది.

వాళ్ళు కలుసుకున్న క్యాంపు పేరు స్టాలాగ్ లుఫ్ట్ 3. అప్పటి జర్మనీలో, ఇప్పటి పోలండ్‌లో ఉన్న సాగాన్ అనే ఊరి దగ్గర, పైన్ చెట్ల అడవి నరికి 1942లో తెరిచారు. నడిపింది జర్మన్ వాయుసేన, అంటే లుఫ్ట్‌వాఫె, శత్రువుల పైలట్లని తమ చేతిలోనే ఉంచుకోవాలని వాళ్ళ పట్టుదల. చెక్క బ్యారక్‌లని నేలకి ఆనకుండా కొంచెం ఎత్తులో కట్టారు, కింద ఎవరైనా తవ్వుతుంటే వంగి చూడొచ్చని. కంచె పొడవునా భూమిలో మైక్రోఫోన్లు పాతారు. ఇక ఆ నేల సంగతి, పైన బూడిద రంగు మట్టి, కొంచెం తవ్వితే పసుపుపచ్చగా మెరిసే ఇసుక, ఎక్కడ పోసినా కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందుకే ఖైదీలు ప్యాంటు కాళ్ళలో పొడుగు సంచులు వేలాడదీసుకుని, వాటిలో ఇసుక నింపుకుని, నడుస్తూ నడుస్తూ కొంచెం కొంచెంగా వదులుతూ కాళ్ళతో కలిపేసేవాళ్ళు. రోజూ హాజరు పరేడ్‌లు, రాత్రిళ్ళు సెర్చిలైట్లు, బ్యారక్‌ల కింద దూరి వెతికే గార్డులు, మూడంతస్తుల చెక్క మంచాలు, రెడ్‌క్రాస్ పార్సిళ్ళలో వచ్చిన పాలపొడి డబ్బాలతో చేసుకున్న గిన్నెలు, పొయ్యిలు, ఆ మొత్తం వాతావరణాన్ని సీరీస్ చాలా శ్రద్ధగా కట్టింది. పైన వెళ్ళే కెమెరాకి వరసగా బ్యారక్‌లు, మధ్యలో బురద, చుట్టూ నల్లగా అడవి, నిజం ఫోటోలు చూసినవాళ్ళు కూడా పెద్దగా వంక పెట్టలేరు.

దొంగచాటు రేడియో సంగతి కూడా అంతే, ఆ మొత్తం వ్యవహారం కల్పన కాదు. నిజం క్యాంపుల్లో రేడియో విడిభాగాలు కొన్ని గార్డులకి సిగరెట్లు, చాక్లెట్లు లంచంగా ఇచ్చి సంపాదించుకునేవాళ్ళు, కొన్ని రహస్య పార్సిళ్ళలో వచ్చేవి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఫోర్ట్ హంట్ అనే చోట ఎంఐఎస్-ఎక్స్ అనే విభాగం ఇందుకోసమే పనిచేసేది, ఉత్తుత్తి ధర్మసంస్థల పేర్లు పెట్టి పార్సిళ్ళు పంపేది, రెడ్‌క్రాస్ పార్సిళ్ళ జోలికి మాత్రం పోయేది కాదు, ఎందుకంటే ఒక్కదాంట్లో ఏదైనా దొరికినా జర్మన్లు మొత్తం ఆపేస్తే వేలమంది పస్తులుండాలి. రాత్రి బీబీసీ వార్తలు ఒకళ్ళు విని రాసుకుంటే పొద్దున్నే బ్యారక్ బ్యారక్‌కీ వెళ్ళి చదివి వినిపించేవాళ్ళు. వాళ్ళు ఆ వార్తల కోసం అన్నం కోసం చూసినట్టు ఎదురు చూశారు.

చిన్న లోటు ఒకటుంది, అది దేన్ని తీసినా తప్పనిది: తెర మీద ఖైదీలు మరీ ఆరోగ్యంగా ఉంటారు. 1944 సెప్టెంబరు దగ్గర్నుంచి రెడ్‌క్రాస్ పార్సిలు మనిషికి వారానికి సగమే ఇచ్చారు, జర్మన్లు పెట్టేది నల్లరొట్టె, బంగాళదుంపలు, నీళ్ళలాంటి సూపు. ఆ ఆకలి నటుల మొహాల్లో కనపడదు, నటుల్ని పస్తు పెట్టమని ఎవరూ అడగరు కూడా. ఇంకొకటి విసుగు. జెనీవా ఒప్పందం ప్రకారం ఆఫీసర్ల చేత పని చేయించకూడదు, కాబట్టి పొద్దున లేస్తే చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు, కంచె చుట్టూ లోపలివైపు గుండ్రంగా తిరగడం, మళ్ళీ తిరగడం. అందుకే అక్కడ క్లాసులు పెట్టుకున్నారు, లైబ్రరీ పెట్టుకున్నారు, నాటకాలాడారు, పరీక్షలు కూడా రాశారు. విసుగుని డ్రామాగా తియ్యడం కష్టం కాబట్టి సీరీస్ దాన్ని ఒకట్రెండు షాట్లలో దాటేసింది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం, ఆరో ఎపిసోడ్. పట్టుబడ్డ ఈగన్‌ని మరికొందరు వైమానికులతో కలిపి ఒక జర్మన్ ఊరి మధ్యలోంచి నడిపించుకెళ్తుంటారు, ముందురోజు రాత్రి బాంబులు పడి ఊరు ఇంకా కాలుతూ ఉంటుంది, జనం ఎగబడతారు, రాళ్ళు, కర్రలు, పారలు, వైమానికుల్ని కొట్టి చంపేస్తారు, ఈగన్ చచ్చినవాడిలా పడుండి శవాల బండిలోంచి తప్పించుకుంటాడు. ఇది కూడా కల్పితం కాదు, జరిగింది. ఊరు రూసెల్స్‌హైమ్, ఫ్రాంక్‌ఫర్ట్‌కి దగ్గర, ఓపెల్ కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. కానీ జరిగింది 1943 అక్టోబరులో కాదు, 1944 ఆగస్టు 26న. ఈగన్ అక్కడ లేడు, అప్పటికి అతను సాగాన్ వచ్చి దాదాపు పదినెలలైంది. ఆ రోజు ఆ ఊళ్ళో నడిచినవాళ్ళు వేరే గ్రూపుకి చెందిన బి-24 విమానంలోని ఎనిమిది మంది అమెరికన్లు, రైల్లో ఇంటరాగేషన్ సెంటరుకి తీసుకెళ్తుంటే ముందు రాత్రి బ్రిటిష్ దాడిలో పట్టాలు దెబ్బతిన్నాయని దిగి నడవాల్సి వచ్చింది. ఆరుగురు చనిపోయారు. ఇద్దరు నిజంగానే చచ్చినట్టు పడుండి, శవాల బండి మీద స్మశానం దాకా వెళ్ళి, అక్కడినుంచి పారిపోయి, నాలుగు రోజులకి మళ్ళీ పట్టుబడి బతికి బయటపడ్డారు. యుద్ధం అయిపోయిన రెండు నెలలకే, 1945 జులైలో, డార్మ్‌స్టాట్‌లో దీని మీద విచారణ జరిగింది, తర్వాత ఐదుగురిని ఉరితీశారు. 2004లో ఆ ఊరివాళ్ళే చనిపోయిన ఆ అమెరికన్ల పేరున స్మారకం కట్టుకున్నారు.

ఈ సంఘటనని పదినెలలు వెనక్కి జరిపితే ఏం పోయింది అని అడగొచ్చు. సంఘటన నిజమే, క్రూరత్వం నిజమే, మనుషులు, నెల మాత్రమే మారాయి కదా అని. పోయింది చాలా ఉంది. బాంబులు వేసిన వైమానికుల మీద జనం కోపం 1943లోనూ ఉంది, కాదనలేం, ఊళ్ళకి ఊళ్ళు తగలబడిపోతుంటే కోపం రాకుండా ఎలా ఉంటుంది. కానీ ఆ కోపాన్ని హత్యలుగా మార్చింది మాత్రం పైనుంచి వచ్చిన పని, అది మెట్టు మెట్టుగా జరిగింది. 1943 ఆగస్టులో నాజీ పోలీసుల అధిపతి హిమ్లర్, జనానికీ కూలిన వైమానికులకీ మధ్య గొడవలొస్తే పోలీసులు కలగజేసుకోవద్దని ఆదేశం ఇచ్చాడు. 1944 మే నెలాఖరులో ప్రచార మంత్రి గోబెల్స్ పార్టీ పత్రికలో వ్యాసం రాశాడు, వాళ్ళు సైనికులు కాదు టెర్రర్ గాళ్ళు, జనం చేతుల్లోంచి వాళ్ళని కాపాడటం మన పోలీసుల పని కాదు అనే ధోరణిలో. ఆ వెంటనే నాజీ పార్టీ కార్యాలయం నడిపే బోర్మన్ పార్టీ నాయకులకి సర్క్యులర్ పంపాడు, అలా కొట్టి చంపినవాళ్ళ మీద కేసులు పెట్టలేదు అని చెబుతూ. అంటే చంపినా ఏం కాదు అని ఊరూరికీ కబురు వెళ్ళింది. రూసెల్స్‌హైమ్ ఆ తర్వాత మూడు నెలలకి జరిగింది, అక్కడ కొన ఊపిరితో ఉన్నవాళ్ళని తుపాకీతో కాల్చినవాడు కూడా దారిన పోయే మనిషి కాదు, స్థానిక పార్టీ కార్యకర్త.

సీరీస్‌లో ఈ వరస మొత్తం మాయమైపోయింది. బాంబులు పడ్డాయి, జనం రగిలిపోయారు, చంపేశారు, చూసేవాళ్ళకి మిగిలేది ఇంతే. ఒక రాజ్యం పథకం ప్రకారం పెంచి పోషించిన హింస, అప్పటికప్పుడు పుట్టిన గుంపు ఆవేశంలా కనపడుతుంది. చరిత్రలో తారీఖులు ఎందుకు ముఖ్యం అంటే ఇందుకు, ఏది ముందు ఏది వెనక అనేది చెదిరిపోతే ఎవరు బాధ్యులు అనేది కూడా చెదిరిపోతుంది. ఇంకా బాధ కలిగించే విషయం ఏంటంటే, ఆ రోజు ఆ వీధిలో చనిపోయిన ఆరుగురికి అసలు పేర్లున్నాయి, కుటుంబాలున్నాయి, తెర మీద మాత్రం వాళ్ళు ఈగన్ తప్పించుకునే సీన్‌కి చుట్టూ పడున్న శవాలు అయ్యారు.

ఆ తర్వాత వచ్చే ఇంటరాగేషన్ భాగం మళ్ళీ నిజానికి దగ్గరగా ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఓబరుర్సెల్‌లో ఉన్న డులాగ్ లుఫ్ట్ అనే ఇంటరాగేషన్ సెంటరుకి దాదాపు పట్టుబడ్డ ప్రతి వైమానికుడూ వెళ్ళాల్సిందే. ఒంటరి గది, ఒక్కోసారి హీటర్ పెంచేసి ఊపిరాడకుండా చెయ్యడం, రెడ్‌క్రాస్ ఫారం అని చెప్పి అబద్ధం ఫారం నింపమనడం, ఆపైన ఇంగ్లీషు చక్కగా మాట్లాడే మర్యాదస్తుడైన అధికారి ఒకడు వచ్చి మీ గ్రూపు గురించి మాకు అన్నీ తెలుసులే అని కబుర్లు మొదలుపెట్టడం. వాళ్ళకి నిజంగానే చాలా తెలుసు, పత్రికల కత్తిరింపులు, కూలిన విమానాల్లో దొరికిన కాగితాలు, ముందొచ్చినవాళ్ళు నోరుజారిన ముక్కలు అన్నీ ఫైళ్ళు కట్టి పెట్టుకునేవాళ్ళు. కొట్టకుండా కబుర్లతో రాబట్టడంలో హాన్స్ షార్ఫ్ అనే ఇంటరాగేటర్‌కి ఎంత పేరొచ్చిందంటే యుద్ధం తర్వాత అమెరికన్లే అతన్ని పిలిపించుకుని ఉపన్యాసాలు ఇప్పించుకున్నారు.

సాగాన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఖైదీలు సొరంగం తవ్వి పారిపోయిన ఆ పెద్ద తప్పింపు. 1944 మార్చి 24 రాత్రి, హ్యారీ అనే సొరంగం, దాదాపు 9 మీటర్ల లోతు, వంద మీటర్ల పొడవు, గోడలు కూలకుండా 4 వేల దాకా మంచం చెక్కలు వాడారు, తీరా పైకి తెరిస్తే చెట్లదాకా రాకుండా కొంచెం ముందే తేలింది. 76 మంది బయటపడ్డారు, ముగ్గురు మాత్రమే ఇల్లు చేరారు, ఇద్దరు నార్వే వాళ్ళు, ఒకతను డచ్. 73 మందిని పట్టుకున్నారు, హిట్లర్ ఆజ్ఞ మీద గెస్టపో, అంటే నాజీ రహస్య పోలీసులు, 50 మందిని ఒక్కొక్కళ్ళనీ ఇద్దరిద్దర్నీ రోడ్డు పక్కకి తీసుకెళ్ళి కాల్చేశారు. ఈ విషయంలో సీరీస్ చాలా నిజాయితీగా ఉంది అని గట్టిగా చెప్పొచ్చు. ఎందుకంటే 1963లో వచ్చిన ప్రసిద్ధ సినిమా ‘ద గ్రేట్ ఎస్కేప్’ పుణ్యమా అని ఆ సొరంగంలోంచి అమెరికన్లు కూడా పారిపోయారనీ, ఒకడు మోటార్‌సైకిల్ మీద కంచె దూకాడనీ ప్రపంచం మొత్తం నమ్మేసింది. నిజానికి ఆ తప్పింపు జరిగింది బ్రిటిష్ వాయుసేన ఖైదీలుండే నార్త్ కాంపౌండ్ నుంచి, మొదట్లో తవ్వకంలో సాయం చేసిన అమెరికన్లని 1943 సెప్టెంబరులోనే కొత్తగా కట్టిన సౌత్ కాంపౌండ్‌కి మార్చేశారు, బయటపడ్డ 76 మందిలో అమెరికన్ సైన్యానికి చెందినవాళ్ళు ఒక్కరూ లేరు. ‘మాస్టర్స్ ఆఫ్ ద ఎయిర్’ తన హీరోలని ఆ సొరంగంలోకి తోసే ఛాన్సు ఉండి కూడా తొయ్యలేదు, 50 మంది చావు వాళ్ళకి కంచె అవతలి నుంచి వార్తగానే వచ్చింది, నిజంగా వచ్చినట్టే. అంత పెద్ద ఘట్టాన్ని హీరోలకి కట్టబెట్టకుండా వదిలేసినవాళ్ళు జెండా దగ్గర మాత్రం ఎందుకు ఆగలేకపోయారో.

ఎనిమిదో ఎపిసోడ్‌లో టస్కిగీ పైలట్లు వస్తారు, అంటే నల్లజాతి అమెరికన్ల 332వ ఫైటర్ గ్రూపు. 1944 ఆగస్టు 12న దక్షిణ ఫ్రాన్స్‌లో తూలాన్ దగ్గర రాడార్ కేంద్రాల మీద దాడిలో అలెగ్జాండర్ జెఫర్సన్, రిచర్డ్ మేకన్, రాబర్ట్ డేనియల్స్ కూలిపోవడం, ముగ్గురూ ఖైదీలవడం, అన్నీ నిజమే. వాళ్ళు క్యాంపులో తెల్లవాళ్ళతో కలిసి ఒకే గదిలో ఉండటం కూడా నిజమే, ఆ రోజుల్లో అమెరికన్ సైన్యంలో దాదాపు ఎక్కడా జరగని విషయం అది, శత్రువు కట్టిన జైల్లో జరిగింది. జెఫర్సన్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఇందుకో కారణం కూడా చెప్పాడు, క్యాంపులోకి జర్మన్లు తమ గూఢచారుల్ని ఖైదీల వేషంలో పంపుతారని అందరికీ భయం, నల్లవాడైతే జర్మన్ గూఢచారి అయ్యే ప్రసక్తే లేదు, కాబట్టి అమెరికా దక్షిణాది తెల్ల ఆఫీసరు ఒకాయన ఏరికోరి అతన్ని తన గదికి తీసుకెళ్ళాడు. ఎంత గొప్ప సీన్ అవుతుందో ఆలోచించండి, నమ్మకం, అనుమానం, జాతి, అన్నీ ఒకే గుమ్మం దగ్గర. సీరీస్ ఆ లోతుకి వెళ్ళలేదు, వాళ్ళని ఎనిమిదో ఎపిసోడ్‌లో తెచ్చి గబగబా పరిచయం చేసి మిగతావాళ్ళలో కలిపేసింది. యుద్ధం అయిపోయి జెఫర్సన్ ఓడ న్యూయార్క్ చేరితే, దిగే చోటే తెల్లవాళ్ళు ఇటు నల్లవాళ్ళు అటు అని విడగొట్టారట. జెఫర్సన్ 2022 జూన్‌లో నూరేళ్ళ వయసులో చనిపోయాడు, సీరీస్ రావడానికి ఏడాదిన్నర ముందు.

చివరి నడక గురించి. 1945 జనవరి 27 రాత్రి, సోవియెట్ సైన్యం దగ్గరకొచ్చేసింది, సాగాన్ ఖాళీ చెయ్యమని ఆర్డరు వచ్చింది, 10 వేలకి పైగా ఖైదీలు మంచులోకి నడిచారు. సౌత్ కాంపౌండ్ వాళ్ళు అందరికన్నా ముందు, రాత్రి 11 ప్రాంతంలో. మంచం చెక్కలతో చేసుకున్న స్లెడ్జీల మీద దాచుకున్న తిండి, దుప్పట్లు కట్టుకుని లాగారు, కాసేపటికి మొయ్యలేక దారి పొడవునా పడేశారు. ముస్కావ్ దాకా 55 కిలోమీటర్లు దాదాపు ఆగకుండా, అక్కడ గాజు ఫ్యాక్టరీల్లాంటి వెచ్చటి చోట్ల కొంచెం ఊపిరి పీల్చుకుని, మళ్ళీ స్ప్రెంబెర్గ్ దాకా ఇంకో 25, ఆపైన గూడ్సు పెట్టెల్లో ఒక్కోదాంట్లో 50 మందిని కుక్కి తలుపులేశారు. 40 మంది మనుషులకి, లేదంటే ఎనిమిది గుర్రాలకి సరిపోయే పెట్టెలవి. సీరీస్ ఆ చలిని, ఆ మౌనాన్ని బాగా పట్టుకుంది, కూలబడినవాళ్ళని పక్కవాళ్ళు లేపి ఈడ్చుకెళ్ళడం లాంటివి ఎక్కడా నాటకీయంగా అనిపించవు. మోస్‌బుర్గ్‌లో 10 వేల మందికని కట్టిన క్యాంపులో విడుదల నాటికి 80 వేల దాకా జనం ఉన్నారు, గుడారాల్లో, కందకాల్లో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ.

అసలు పేర్లతో కల్పన కలిపితే వచ్చే చిక్కు గురించి మాట్లాడేటప్పుడు పాత ఉదాహరణ ఒకటి పనికొస్తుంది. 1972 నుంచి 74 దాకా బీబీసీలో ‘కోల్డిట్జ్’ అని 28 ఎపిసోడ్ల డ్రామా వచ్చింది, కోట లాంటి జైల్లో మిత్రదేశాల ఆఫీసర్ల కథ. అక్కడినుంచి నిజంగా తప్పించుకున్న పాట్ రీడ్ ఆ సీరీస్‌కి సలహాదారు, కానీ తెర మీద అతని పేరు పాట్ రీడ్ కాదు, పాట్ గ్రాంట్. మిగతావాళ్ళకీ ఇలాగే పేర్లు మార్చారు. అందులో ఒక వైమానిక దళ అధికారి రోగిగా స్వదేశం వెళ్ళిపోవాలని పిచ్చివాడిలా నటిస్తాడు, నెలల తరబడి నటించి నటించి చివరికి నిజంగానే మతి పోగొట్టుకుంటాడు. అది కల్పన, చూసేవాళ్ళకీ కల్పన అని తెలుసు, దాని వల్ల ఏ నిజం మనిషి జ్ఞాపకమూ చెడిపోలేదు. ఖైదు మనిషిని ఏం చేస్తుందో మాత్రం ఆ ఒక్క ఎపిసోడ్ పది డాక్యుమెంటరీల కన్నా బాగా చెప్పింది. పేరు మార్చినందువల్ల వాళ్ళకి ఆ స్వేచ్ఛ వచ్చింది. పేరు అట్టే పెట్టి స్వేచ్ఛ కూడా కావాలనుకుంటే, అల్లేన్ లాంటివాళ్ళు మూల్యం చెల్లించాల్సి వస్తుంది.

ఇంకొక్క విషయం, బహుశా అన్నిటికన్నా పెద్దది. బి-17లో పదిమంది ఉంటారు. పైలట్, కోపైలట్, నావిగేటర్, బంబార్డియర్, ఈ నలుగురూ ఆఫీసర్లు. మిగతా ఆరుగురు సార్జెంట్లు, గన్నర్లు, ఇంజనీరు, రేడియో ఆపరేటర్. విమానం కూలి అందరూ బతికితే నలుగురు సాగాన్ వైపు వెళ్ళేవాళ్ళు, ఆరుగురు ఇంకెక్కడికో. ఆస్ట్రియాలో క్రెమ్స్ దగ్గర స్టాలాగ్ 17-బి, బాల్టిక్ తీరం వైపు స్టాలాగ్ లుఫ్ట్ 4, స్టాలాగ్ లుఫ్ట్ 6. ఆకాశంలో ఒకే విమానంలో పక్కపక్కన చావుని చూసినవాళ్ళు నేల మీద పడగానే హోదాని బట్టి విడిపోయేవాళ్ళు. సీరీస్‌లో విమానం ఎగిరినంతసేపూ గన్నర్ల మొహాలు దగ్గరగా కనపడతాయి, వాళ్ళ భయం, వాళ్ళ చేతులు గడ్డకట్టడం అన్నీ చూపిస్తుంది, ఖైదు మొదలయ్యాక మాత్రం కథ మొత్తం ఆఫీసర్ల క్యాంపులోనే. సగం కంటే ఎక్కువ మంది ఖైదు ఎలా గడిచిందనేది తెర మీదకి రాలేదు.

వాళ్ళ ఖైదు తేలిక కూడా కాదు. 1944 జులైలో స్టాలాగ్ లుఫ్ట్ 6 ఖాళీ చేసినప్పుడు ఆ ఖైదీలని ఓడ అడుగున చీకటి గిడ్డంగిలో కుక్కి తెచ్చారు, దిగాక చాలామందిని ఇద్దరిద్దరుగా సంకెళ్ళేసి, స్టేషన్ నుంచి స్టాలాగ్ లుఫ్ట్ 4 దాకా రోడ్డు మీద పరిగెత్తించారు, పక్కన కుక్కలు, వెనక బాయ్‌నెట్లు, పడిపోయినవాడికి పోటు. సాగాన్‌లో ఆఫీసర్లు క్లాసులు పెట్టుకుని, నాటకాలాడుకున్న కాలంలోనే ఇదీ జరిగింది. ఆపైన 1945 ఫిబ్రవరి 6న ఆ క్యాంపు నుంచి మొదలైన నడక 86 రోజులు సాగింది, దాదాపు 800 కిలోమీటర్లు, తిరిగిన దారినే మళ్ళీ తిరుగుతూ, కొట్టాల్లో పడుకుంటూ, పచ్చి దుంపలు తింటూ, గుంటల నీళ్ళు తాగుతూ, విరేచనాలతో పడిపోతూ. కెప్టెన్ లెస్లీ కాప్లన్ అనే డాక్టరు, తనూ ఖైదీనే, మందులు దాదాపు లేకుండానే వాళ్ళతో పాటు నడిచి, విరేచనాలకి బొగ్గు తినమని చెప్పి ఎంతోమందిని నిలబెట్టాడు, యుద్ధం అయ్యాక ప్రమాణం చేసి ఆ నడక మొత్తాన్ని సాక్ష్యంగా రాసిచ్చాడు. ఆ కాగితాలు ఇప్పటికీ ఎవరైనా చదువుకోవచ్చు. సీరీస్‌లో క్లెవెన్, ఈగన్ మంచులో సాగాన్ గేటు దాటారు కదా, అది జరిగిన పదిరోజులకి ఉత్తరాన ఇంకో గేటు దగ్గర, అలాంటి విమానాల్లోనే తోకలో మోకాళ్ళ మీద కూర్చుని గన్ పట్టుకున్న కుర్రాళ్ళు, మెడలకి దుప్పట్లు చుట్టుకుని బయల్దేరారు.